చేపకన్ను

ఐస్ ఫ్యాక్టరీ లెక్కల పుస్తకం పక్కనే
ఇంకో నోటుబుక్కు పెట్టుకున్నాను రెండు నెలలు.
అందులో అన్నీ డిగ్రీలు:
పై కోణం ముప్పై నాలుగున్నర,
కింది కోణం నలభయ్యీ ముప్పావు,
మధ్య బల్ల యాభై ఏడు శాతం.
ముక్కుపుడకకి ఇంత లెక్కేంటని
పక్క సీటు అప్పలనరసయ్య నవ్వాడు.

చీటీ పాడిన డబ్బు. నాదే.
ముప్పై ఎనిమిదేళ్ళకి
నా ముక్కుకి నేను కొనుక్కుంటున్న మొదటి రాయి.
ఎక్కడా అర సెంటు నేల లేనిదాన్ని
కురుపాం మార్కెట్లో
ముప్పై సెంట్లు బేరం చేయబోయాను.

తోడు పరదేశమ్మ పిన్ని వచ్చింది.
హార్బర్లో పాట అయ్యాక
సబ్బుతో మూడుసార్లు కడిగినా
చేతులకి వంజరం వాసన అలాగే.
దుకాణం అబ్బాయి ఏసీ పెంచాడు.
ఎందుకో మా ఇద్దరికీ తెలుసు.

నల్ల మఖమల్ మీద రాయి పెట్టాడు.
పైన ఇరవై చిన్న దీపాలు.
భగ్గుమంది.
నా కోణాలన్నీ ఒక్కసారే మర్చిపోయాను.
"రంగు చూడండి మేడమ్, మచ్చ లేదు.
కటింగా? గుడ్ అని రాశారు కదా,
గుడ్ అంటే మంచిదే కదా!"
నేను తలూపాను కూడా.

పిన్ని ఊపలేదు.
"ఈ లైట్ల కింద గాజు పెంకైనా నవ్వుతాది.
నీడకి తే."
యజమాని సరే అనేదాకా కుర్చీలోంచి కదల్లేదు.
గుమ్మంలో, తుపాకీ పట్టుకున్న కాపలా మనిషి పక్కన,
ఎండకి వీపు పెట్టి నిలబడింది
రాయి అరచేతి గుంటలో పెట్టుకుని.
భూతద్దం నేను పట్టాను. చూపు ఆవిడది.

"ఇదేటే, కంట్లో ఈ బూడిద రింగు?"

నిజమే. బల్ల కింద గుండ్రంగా
మబ్బు రంగు వలయం.
అడుగు లోతు చాలక
రాయి తన నడుం అంచునే
తనలో చూసుకుంటోంది.
పైన పడ్డ వెలుగు కంటికి తిరిగి రాదు,
అడుగునుంచి జారిపోతుంది
తెగిన వలలోంచి కవళ్ళు జారినట్టు.
దాని పేరు నోటుబుక్కులో నేనే రాసుకున్నాను:
చేపకన్ను.
రెండు నెలలు చదివి కూడా చూడలేకపోయాను.
పిన్ని పేరు తెలియకుండానే చూసింది.

"కన్ను లోనికెల్లిపోనాది. నిన్నటి సేప,"
అబ్బాయి చేతిలో పెట్టేసింది.
"ఐసు మీద బాగానే కనపడతాదిలే."

రెండోదానికి లోతు మరీ ఎక్కువ,
నడిమన నల్లటి మేకు తల.
"ఇది మొన్నటిది."
మూడోది. నాలుగోది.
అబ్బాయి ఏసీ సంగతి మర్చిపోయి
తనే మాతో గుమ్మంలోకి రావడం మొదలెట్టాడు.
"ఇందులో రింగు లేదు కదండీ, పిన్నిగారూ?"

అదే డబ్బుకి పద్దెనిమిది సెంట్లే వచ్చింది.
నా బెంగ ఇంకా పోలేదు, అబద్ధం ఎందుకు.
బస్సులో డబ్బీ తెరిచి చూస్తే
మినపగింజంత కూడా లేదు.
ముప్పై అయితే
అప్పలనరసయ్యకి తన సీట్లోంచే కనపడేది.

మర్నాడు నాలుగున్నరకి
ఐసు బండి వెనక హార్బరుకి వెళ్ళాను.
డాల్ఫిన్ నోస్ కొండ ఇంకా చీకటి ముద్ద.
దీపస్తంభం వెలుగు మాకోసం కాదు,
ఎక్కడో నీళ్ళ మీద ఉన్నవాళ్ళకి.
పిన్ని చందువల కుప్ప ముందు గొంతుక్కూచుని
మొప్పలు ఎత్తి చూస్తోంది.

ఒడ్డుకొస్తున్న బోటు దీపం
నా మొహం మీదుగా ఒకసారి ఊగిపోయింది.
చెయ్యి చేపల్లోంచి తియ్యకుండానే,
పాటగాడి మీంచి చూపు సగమే తిప్పి
"బతికే ఉన్నాది," అంది.
ఆ వెంటనే గొంతెత్తి,
"రెండొందల పది!"